నైలునదిపై దేవాలయయాత్ర: దాని పూర్వపద్ధతియు నేఁటి మార్పును

ఈజిప్టుదేశమున కనాదియైన రాజమార్గ మొక్కటియే కలదు, అది నైలునది. ఆ దేశమునందలి ప్రాచీనదేవాలయములలో ముఖ్యములైనవన్నియు నించుమించుగా దాని యొడ్డుననో, దానికి సమీపముననో వెలసియున్నవి. కాఁబట్టి వానిని దర్శింపఁగోరువాఁడు పడవ నెక్కుట వింత గాదు. అయినను ఈ నదీయాత్రను గుఱించి రెండు తలంపులు లోకమున వ్యాపించియున్నవి. ఇది పందొమ్మిదవ శతాబ్దమున ధనికులైన ఐరోపీయులు కల్పించుకొన్న వేడుక యనునది మొదటిది. ఏ రేవునఁ బడవ నెక్కినను, ఏ గుడిని ముందు చూచినను భేదము లేదనునది రెండవది. మొదటిది చరిత్రకు విరుద్ధము. రెండవది యాత్రికునకు నష్టకరము. ఈ రెంటిని నిరూపించుటకుఁ బూర్వులు నైలుపై నెట్లు ప్రయాణము చేసిరో, ఆ ప్రయాణమునకును దేవాలయములకును గల సంబంధ మెట్టిదో ముందుగా విచారింపవలసియున్నది.

1. నదియు గాలియు

నైలు దక్షిణమునుండి యుత్తరమునకుఁ బ్రవహించును. ఆ లోయలో సంవత్సరమునఁ బెక్కుదినములు గాలి యుత్తరమునుండి దక్షిణమునకు వీచును. ప్రవాహమును గాలియు నిట్లు ఎదురెదురుగా నుండుటయే ఆ దేశపు నౌకాయానమునకు మూలము. ఎగువకుఁ బోవు నావికుఁడు తెఱచాప నెత్తును. దిగువకు వచ్చువాఁడు చాప దించి, తెడ్లు వేయుచుఁ బ్రవాహమునకుఁ బడవను విడుచును. చిత్రలిపిలో దక్షిణయానమును దెలుపు పదముతోఁ జాప విప్పిన పడవబొమ్మను, ఉత్తరయానమును దెలుపు పదముతోఁ జాపలేని పడవబొమ్మను జేర్చి వ్రాయుట వాడుక. దిక్కును పడవయే నిర్ణయించినదన్నమాట. ఈ యలవాటు ఎంత బలమైనదనఁగా, మొదటి తుత్మోసు రాజు యూఫ్రటీసునదిని జేరి, అది దక్షిణమునకుఁ బాఱుటఁ జూచినప్పుడు, ఆతని శాసనము దానిని తలక్రిందులైన నీరుగా వర్ణించినది. నది యుత్తరమునకే పాఱవలెననుట ఈజిప్టువారికి ప్రకృతిధర్మముగాఁ దోఁచియుండెను.

గుడులకుఁ గావలసిన ఱాయియు నీ మార్గముననే వచ్చెను. ఎఱ్ఱసముద్రతీరమున వాదీ అల్ జర్ఫ్ అను చోట 2013వ సంవత్సరమునఁ బియెర్ తాలే యను ఫ్రెంచి పండితుఁడు కొన్ని పపైరసుపత్రములను గనుఁగొనెను. అవి ఖూఫు చక్రవర్తి కాలమునాఁటివి; వ్రాఁత గల పపైరసులలో నింతకుఁ బూర్వపువి యింతవఱకు దొరకలేదు. వానిలో మెరెర్ అను నొక యధికారి దినచర్య యున్నది. తూరా గనులనుండి తెల్లని సున్నపుఱాతిని పడవల కెక్కించి గీజాయందలి పిరమిడు పనికిఁ జేర్చుటయే ఆతని బృందపు పని. ఏ దినమున ఱాయి నెక్కించిరో, ఏ రాత్రి యెక్కడఁ బండుకొనిరో ఆతఁడు వ్రాసికొన్నాఁడు. నాలుగువేల యైదువందల యేండ్లకుఁ బైఁబడిన యా పత్రమును జదివినవారికి నైలుపై నౌకాయాన మెంత ప్రాచీనమో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.

తరువాతి కాలమున ఆస్వానునందలి గ్రానైటును, సిల్‌సిలాకొండలయందలి యిసుకఱాయియు నిట్లే ప్రవాహముతోఁ గూడ దిగివచ్చినవి. హత్షెప్సూతు రాణి కర్ణక్ ఆలయమున నిలిపిన యేకశిలాస్తంభములలో నొకటి నేఁటికిని నిలిచియున్నది. దాని యెత్తు ఇంచుమించు 29 మీటర్లు, బరువు మూఁడువందల టన్నులకు మించును. గనిపని యేడు మాసములలో ముగిసినదని దాని పీఠముపైనున్న శాసనము చెప్పుచున్నది. అట్టి స్తంభములను మోసికొనిపోవు పెద్దబల్లకట్టును, దానిని లాగు పడవల వరుసలను దేర్ అల్ బహరీయందలి యామె యాలయపు గోడలపైఁ జెక్కియున్నారు. ఈ గుడులు నదిపైఁ బ్రయాణము చేసి వచ్చిన గుడులనుట యతిశయోక్తి గాదు.

2. దేవతల పడవప్రయాణము

మన యాలయములలో మూలవిరాట్టు గర్భాలయమును వీడక యుండఁగా, ఉత్సవమూర్తి యూరేగింపునకు వెడలును. కోనేటను, నదిలోను దెప్పోత్సవములు జరగును. ఈ యాచార మెఱిఁగినవారికి ఈజిప్టువారి పద్ధతి సులభముగాఁ దెలియఁగలదు. అచ్చటఁ బ్రతి పెద్దగుడిలోను దేవతకొక పడవ యుండెడిది. అర్చకులు దానిని దండెలపై భుజముల కెత్తుకొని మోయుదురు. ఉత్సవదినమున నా చిన్నపడవను నదిలో నిలిచియున్న పెద్దనావపై నుంచుదురు.

తీబ్సునగరమున నోపెత్ అను నుత్సవమునందు అమ్మోను దేవుఁడు కర్ణక్ ఆలయమునుండి లక్సరు ఆలయమునకుఁ బోయి మఱల వచ్చుచుండెను. ఈ రెంటికి నడిమి దూరము మూఁడు కిలోమీటర్లకు లోపు. హత్షెప్సూతు కాలమున దేవుఁడు వెళ్లునప్పుడు మెట్టత్రోవను బోయి, మఱలివచ్చునప్పుడు నదిపై వచ్చెను. తరువాతి కాలమున రాకపోకలు రెండును నదిపైననే జరిగినవి. తుతన్‌ఖామను కాలమునఁ జెక్కిన యీ యుత్సవచిత్రములు లక్సరు ఆలయపు స్తంభపంక్తికి నిరుప్రక్కల గోడలపై నిప్పటికిని గానవచ్చును. ఒడ్డునుండి త్రాళ్లతో నావను లాగువారు, వాద్యములు మ్రోయించువారు, బలిపశువులను దోలువారు అందున్నారు. మూఁడవ తుత్మోసు నాఁడు పదునొకండు దినములు జరిగిన యీ యుత్సవము మూఁడవ రామెసేసు నాఁటికి ఇరువదియేడు దినములకుఁ బెరిగినది.

అంతకంటె దూరమైన యాత్ర దెందెరాలోని హథోరుదేవిది. ఆమె యేఁటేఁట వేసవిలో నావ నెక్కి, నూఱుమైళ్లకుఁ బైఁబడి యెగువనున్న ఎద్‌ఫూనగరమునకుఁ బోయి, అచ్చటి హోరసుదేవునితోఁ గలిసి, అమావాస్య మొదలు పున్నమవఱకు నుండి మఱలివచ్చెడిది. త్రోవయందలి గుడులయొద్ద నావ నాఁపి పూజలందుకొనెడిది. ఎద్‌ఫూ గోడలపైనున్న శాసనములు ఈ యాత్రాక్రమమును వివరముగాఁ దెలుపుచున్నవి. ఇట్లు నావ నెక్కి గుడి వెంట గుడి చూచుచుఁ బోవు పద్ధతికి మూలపురుషుఁడు యాత్రికుఁడు గాఁడు, దేవతయే.

ఆలయనిర్మాణమునందును ఈ సంగతి గోచరించును. కర్ణక్ ఆలయమునకుఁ బడమటిదెస మొదటి గోపురద్వారమునకు ముందు ఱాతిరేవు కలదు. నది పొంగిన యేండ్లలో నీరెంతవఱకు వచ్చినదో దానిపై గుఱుతులు చెక్కఁబడియున్నవి. నది క్రమముగాఁ బడమటికి జరుగుటచే నేఁడా రేవు మెట్టపై నున్నది. రేవునుండి గోపురద్వారము, తరువాత వెలుతురుగల ముంగిలి, ఆపైఁ జీఁకటిగల స్తంభమంటపము, తుదకు గర్భాలయము, ఇది క్రమము. అయితే ప్రతి గుడియు నదికే యభిముఖమని సిద్ధాంతము చేయరాదు. కోమ్ ఒంబో నదినే చూచుచున్నది; ఎద్‌ఫూ మాత్రము దక్షిణాభిముఖము; లక్సరు ఆలయము నదికి సమాంతరముగాఁ గర్ణక్‌వైపునకుఁ జాఁగియున్నది.

3. ప్రాచీనయాత్రికులు

దేవతల వెనుక మనుష్యులు వచ్చిరి. క్రీ. పూ. ఐదవ శతాబ్దమున హెరొడొటసు తాను ఎలిఫంటైను ద్వీపమువఱకుఁ బోయితినని వ్రాసికొన్నాఁడు. కాని యాత్రాసన్నాహమును గుఱించి మిక్కిలి విలువగల సాక్ష్యము గ్రంథములలోఁ గాక, ఒక సర్కారుజాబులో నున్నది. అది క్రీ. పూ. 112వ సంవత్సరమున గ్రీకుభాషలో వ్రాయఁబడినది. టెబ్‌టూనిసునందలి త్రవ్వకములలో దొరకినది. లూకియసు మెమ్మియసు అను రోమను సెనేటు సభ్యుఁడు అలెగ్జాండ్రియానుండి ఫయ్యూము సీమకుఁ జూడవచ్చుచున్నాఁడు. ఆతనికి బసలు సిద్ధపఱుపవలెను, పడవ దిగు రేవులను బూర్తిచేయింపవలెను, దిగినచోటఁ గానుక లీయవలెను, పవిత్రమైన మొసళ్లకు వేయుటకు మేఁత సమకూర్పవలెను, లాబిరింతును జూచుటకు వలయునవి యేర్పఱుపవలెను అని యందున్నది. ఆ లాబిరింతు మూఁడవ అమెనెమ్‌హాత్ రాజు యొక్క స్మారకాలయము. రేవు, బస, కానుక, వేడుక, గుడి యను నేఁటి యాత్రాప్రణాళిక యంతయు రెండువేల నూఱేండ్లనాఁటి యా జాబులో నిమిడియున్నది. విలాసయాత్ర పందొమ్మిదవ శతాబ్దపు కల్పన యనువారికి నీ యొక్క పత్రమే చాలిన సమాధానము.

క్రీ. శ. 19లో జర్మానికసు, తిబేరియసు చక్రవర్తి యనుజ్ఞ లేకయే నైలుపై నెగువకుఁ బోయి, తీబ్సునందు వృద్ధుఁడైన యొక యర్చకునిచేఁ బురాతనశాసనములను జదివించుకొని వినెనని టాసిటసు చెప్పుచున్నాఁడు. క్రీ. శ. 130లో హేడ్రియను చక్రవర్తి పరివారముతో వచ్చెను. ఆ ప్రయాణములో నాతని ప్రియసహచరుఁడగు ఆంటినోవసు నైలులో మునిఁగి మరణింపఁగా, ఆతని పేర నదియొడ్డున నొక నగరము వెలసినది. మఱుసటి మాసముననే ఆ పరివారమునందలి జూలియా బాల్‌బిల్లా యను విదుషీమణి తీబ్సునందలి మెమ్నోను విగ్రహపుఁ గాలిపైఁ దన గ్రీకుపద్యములను జెక్కించెను. నిజమున కా విగ్రహము మూఁడవ అమెన్‌హోతెపు రాజుది. సూర్యోదయమున నది ధ్వని చేయుననుటచే గ్రీకులు దానికిఁ దమ కథానాయకుని పేరు పెట్టికొనిరి. అట్టి గ్రీకు లాటిను వ్రాఁతలు దానిపై నూటికిఁ బైఁగా నున్నవి. గుడిగోడలపైఁ దమ పేళ్లు గీఁకిపోవు దుర్వ్యసనము క్రొత్తది గాదు. కాలము గడచుటచే నా గీఁతలే నేఁడు చరిత్రకాధారములైనవి. అయినను ఆ కారణమున నేఁటి గీఁతలను క్షమింపఁదగదు.

ఈ సందర్భమునఁ దెలుగుదేశమునకును సంబంధించిన యొక విషయము గలదు. దెందెరాకుఁ గొంచె మెగువను గోప్తోసు అను రేవు గలదు. హిందూదేశమునుండి వచ్చిన సరకులు ఎఱ్ఱసముద్రపు రేవులయందు దిగి, ఒంటెలపై నెడారి దాఁటి, కోప్తోసున నైలుపడవల కెక్కి అలెగ్జాండ్రియాకుఁ బోవుచుండెను. తన కాలమున నూటయిరువది యోడలు ఏఁటేఁట హిందూదేశమునకుఁ బోవుచుండెనని స్ట్రాబో వ్రాసెను. మొదటి శతాబ్దమునాఁటి పెరిప్లసు అను నావికగ్రంథము మసాలియా సీమను, అచ్చట విరివిగా నేయఁబడు సన్నని బట్టలను బేర్కొనుచున్నది. ఆ సీమ కృష్ణాముఖమునందలి మచిలీపట్టణప్రాంతమని పండితుల యభిప్రాయము. తిబేరియసు కాలమున దెందెరా స్తంభమంటపమునకు ఱాళ్లు చేరుచున్నప్పుడు, ఆ యొడ్డు ప్రక్కనే హిందూదేశపు మిరియములు, బట్టలు మోయు పడవలు దిగిపోవుచుండెననుటకు సందియము లేదు. ఎఱ్ఱసముద్రపు రేవులలో నొకటియగు బెరెనికేయందు 2022లో బుద్ధవిగ్రహ మొకటి బయల్పడినది.

ఈజిప్టుమత మంతరించిన తరువాత నీ యాత్ర సన్నగిల్లెను. ఫీలేద్వీపమునఁ గడపటి చిత్రలిపిశాసనము క్రీ. శ. 394 ఆగస్టు 24వ తేది గలది. ఆఱవ శతాబ్దమున జస్టినియను చక్రవర్తి యాజ్ఞచే నా గుడి మూయఁబడి, అందొక భాగము క్రైస్తవమందిరమయ్యెను. అటుపిమ్మటఁ బెక్కు శతాబ్దములకాలము గోడలు మాటాడలేదు.

4. మఱలఁ దెఱచుకొన్న మార్గము

1798లో నెపోలియను సేనతోఁ గూడఁ బండితులును వచ్చిరి. వారిలో దెనోన్ అను చిత్రకారుఁడు దెసే సేనాని దండు వెంట నెగువకుఁ బోయి, దండు కదలులోపల దొరకిన కొలఁది సమయములోనే గుడులను జిత్రించెను. 1799లో రొసెట్టాశిల దొరకినది. 1822లో షాంపోల్యోఁ చిత్రలిపి రహస్యమును వెల్లడించెను. ఆతఁడు గ్రంథములలోఁ జదివిన లిపిని గోడలపైఁ జదువుటకై 1828-29లో రొసెల్లీని యను నిటలీ పండితునితోఁ గలిసి నైలుపై రెండవ జలపాతమువఱకుఁ బ్రయాణించెను. వారి పడవలు రెంటికిని దేవతల పేళ్లే, ఐసిస్ అనియు, హథోరు అనియుఁ బెట్టఁబడినవి.

1847లో విల్‌కిన్‌సను పండితుఁడు వ్రాసిన యాత్రికదర్శిని వెలువడెను. పడవను గుదుర్చుకొనుటకు ముందు ఎలుకలు, పురుగులు నశించునట్లు దానినొకసారి నీట ముంచి తీయింపవలెనని యంతటి విద్వాంసుఁడు బోధించుట చూడఁగా, నాఁటి సన్నాహ మెంత కష్టసాధ్యమో తెలియును. దహబియా యను నింటిపడవను నెలల లెక్కను గుదుర్చుకొని, నావికులను, వంటవానిని, దుబాసీని వెంటఁబెట్టుకొని, గోధుమలు మొదలు గ్రంథములవఱకు సమస్తమును నింపుకొని పోవలసియుండెను. 1869లో టామసు కుక్కు స్టీమర్లపై మొదటి యాత్రికబృందమును గొనిపోయెను. అంతతో నెలల పని వారములకుఁ దగ్గెను.

ఆ రెండు పద్ధతుల సంధికాలమున 1873-74 శీతకాలమందు అమీలియా ఎడ్వర్డ్సు అను నాంగ్లేయవిదుషి ఫీలే యను దహబియాపై నెగువకుఁ బోయెను. ఆమె గ్రంథము 1877లో వెలువడినది. అందు నొక ముఖ్యవిషయము చర్చింపఁబడినది. నైలునావికుల నియమ మేమనఁగా, గాలి యున్నంతకాలము ఎక్కడను నాఁగక యెగువకుఁ బోవలెను. గుడులను దిగివచ్చునప్పుడు ప్రవాహముతోఁ దీఱికగాఁ జూడవలెను. పడవకది లాభమే. కాని యట్లు చూచినవాఁడు చరిత్రను జివరినుండి మొదటికిఁ జదివినవాఁడగును. ఈజిప్టు చరిత్ర ప్రవాహమునకు ఎదురుగా నడచునని యామె గుర్తించినది. ఆ యాత్ర యామె జీవితమును మార్చినది. శిథిలములగుచున్న కట్టడములను జూచి చింతించి, 1882లో ఈజిప్టు పరిశోధననిధిని స్థాపించుటకు ముఖ్యకారకురాలయ్యెను. 1892లో మరణించునప్పుడు లండనునందు ఈజిప్టువిద్యకొక యాచార్యపీఠమును నెలకొల్పుటకు ధన మొసఁగెను.

యాత్రికులు గుడులను గాపాడిరి. యాత్రికులే వానిని దోఁచుకొనిరి. లక్సరు గోపురద్వారముముందు రెండేకశిలాస్తంభము లుండవలసినచోట నేఁడొకటియే యున్నది. రెండవది 1836లోఁ బారిసునగరమున నిలుపఁబడినది. అబూ సింబెల్‌నందలి యొక మహావిగ్రహపు ముఖమునకుఁ బూర్వులు అచ్చు తీయుటచేఁ దెల్లని మచ్చలు మిగిలియుండఁగా, ఎడ్వర్డ్సు బృందమువారు వానిని గాఫీకషాయముతోఁ బూసి ఱాతివన్నెకుఁ దెచ్చిరి. సదుద్దేశముతోఁ జేసినదైనను నేఁటి పురావస్తుశాస్త్రజ్ఞు లట్టి చికిత్స నంగీకరింపరు.

5. ఎగువకుఁ బోవుకొలఁది కాలక్రమము

చరిత్ర యెదురేఁట నడచుననుమాట నిప్పుడు పరీక్షింపవలెను. కైరోకు సమీపమున సక్కారాలోని మెట్లపిరమిడు క్రీ. పూ. ఇరువదియేడవ శతాబ్దపుది. దాని కెగువను బెనీహసనునందలి గుహాసమాధులు మధ్యరాజ్యకాలమువి. అబిదోసునందు మొదటి సేతిరాజు క్రీ. పూ. పదుమూఁడవ శతాబ్దమునఁ గట్టించిన యాలయమున డెబ్బదియాఱు రాజుల నామములపట్టిక యున్నది. తీబ్సునఁ గర్ణక్, లక్సరు ఆలయములలోని ప్రధానభాగములు క్రీ. పూ. పదునాఱవ శతాబ్దము మొదలు పదునొకండవ శతాబ్దమువఱకుఁ గల నవరాజ్యకాలమునకుఁ జెందినవి. కర్ణక్ మహామంటపమున నూటముప్పదినాలుగు స్తంభములు గలవు. తీబ్సు దాఁటిన పిమ్మట ఎస్నా, ఎద్‌ఫూ, కోమ్ ఒంబో, ఫీలే యనునవి ముఖ్యముగా గ్రీకుటోలెమీల కాలమునను, రోమనుల కాలమునను వెలసినవి. ఎద్‌ఫూ ఆలయమునకు క్రీ. పూ. 237లోఁ బునాది పడినది, క్రీ. పూ. 57లో నది పూర్తియైనది. ఎస్నా గోడలపై క్రీ. శ. మూఁడవ శతాబ్దపు రోమను చక్రవర్తి డెకియసు పేరు చిత్రలిపిలోఁ గలదు. కడపటి చిత్రలిపి ఫీలేలో నున్నదని పైఁ జెప్పితిమి. కావున సక్కారానుండి ఫీలేవఱకుఁ బోవువాఁడు ఆ నాగరకత పుట్టుకనుండి యవసానమువఱకు వరుసగాఁ జూడఁగలఁడు.

ఈ సూత్రమున కపవాదములును గలవు. దెందెరా తీబ్సునకు దిగువనున్నను, నేఁటి కట్టడము క్రీ. పూ. 54లో నారంభింపఁబడినది. అబూ సింబెల్ ఫీలేకు మిక్కిలి యెగువనున్నను రెండవ రామెసేసు కాలమునది. ఒక్కొక్క గుడికిఁ బూర్వము ఆ స్థలముననే వేఱొక గుడి యుండెననుటయు మఱవరాదు. అయినను సూత్రము మొత్తముపై నిలుచును. దీనినిబట్టి ఏ రేవునఁ బడవ నెక్కినను నొక్కటియే యను రెండవ తలంపును నిలువఁజాలదు.

6. ఆనకట్టలచేఁ గలిగిన మార్పు

ఇట్లు నది గుడులను బుట్టించినది. ఇరువదవ శతాబ్దమున నా నదియే, మనుష్యులచేఁ గట్టువడి, గుడులను ముంచుటకు సిద్ధమైనది. 1898లో నారంభమై 1902లోఁ బూర్తియైన మొదటి ఆస్వాను ఆనకట్ట తరువాత రెండుమాఱు లెత్తు పెంపఁబడెను. ఫీలే గుడి యేఁటఁ బెక్కుమాసములు నీట నుండెను. యాత్రికులు స్తంభముల నడుమఁ బడవలపైఁ దిరిగిరి. పూర్వయాత్రికులు వర్ణించిన రంగులు నీటఁ గరఁగిపోయినవి.

1960లో మహానకట్ట పని ప్రారంభమై 1970లో ముగిసెను. దానివలన నూబియా యంతయు మునుఁగనుండఁగా, యునెస్కో సంస్థ 1960 మార్చిలోఁ బ్రపంచమునకు విజ్ఞప్తి చేసెను. అబూ సింబెల్ ఆలయములు రెండును 1964-68 నడుమ వెయ్యికిఁ బైఁగా ఖండములుగాఁ గోయఁబడి, అఱువదియైదు మీటర్ల యెత్తున మఱల నిలుపఁబడినవి. ఫీలే ఆలయములు 1972-80 నడుమఁ జెంతనున్న అగిల్‌కియా ద్వీపమునకుఁ దరలింపఁబడినవి. సహాయము చేసిన దేశములకుఁ గృతజ్ఞతగా దెందూరు గుడి న్యూయార్కునకును, దెబోదు గుడి మాడ్రిడ్డునకును ఈయఁబడెను. హిందూదేశపుఁ బురావస్తుశాఖవారును 1961-62లో బి. బి. లాల్ నాయకత్వమున నూబియాలోని ఆఫియే యను గ్రామమునఁ ద్రవ్వకములు జరిపిరి.

దేవతలకు స్థలాంతరము దొరకినది. మనుష్యులకును స్థలాంతరమే దొరకినది, కాని వారి యూళ్లను ఖండములుగాఁ గోసి మఱల నిలిపినవారు లేరు. ఈజిప్టునందలి నూబియనులు ఏఁబదివేలమంది 1963-64లోఁ గోమ్ ఒంబో ప్రాంతమునకుఁ బంపఁబడిరి. వారి గ్రామములును, ఖర్జూరవనములును జలాశయగర్భమున నున్నవి. తెలుగువారికిది పరాయికథ గాదు. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరుగునప్పటికే నాగార్జునకొండ లోయలో నిక్ష్వాకుల విజయపురి త్రవ్వకములు సాగుచుండెను. 1954-60 నడుమ బయల్పడిన కట్టడములలోఁ గొన్ని ద్వీపమైన కొండపైనను, అనుపునందును మఱల నిలుపఁబడినవి. శ్రీశైలజలాశయముచే మునుఁగనున్న కూడలి సంగమేశ్వరాలయము ఆలంపురమునకుఁ దరలింపఁబడినది. కాఁబట్టి ఫీలేద్వీపమునఁ గాలిడిన తెలుగుయాత్రికుఁడు, స్థలము మాఱిన గుడిని జూచి, ఱాయి మిగిలినంతమాత్రమున స్థానము మిగులునా యను ప్రశ్నను దనలోఁ దానే వేసికొనక తప్పదు.

వఱద యాఁగుటచే వేఱొక చిక్కును గలిగెను. పూర్వ మేఁటి కొకమాఱు పొంగిన నది, భూమియందలి యుప్పును గడిగివేయుచుండెను. ఇప్పుడు సంవత్సరము పొడుగునను సేద్యము జరుగుటచే భూగర్భజలము పైకెక్కి, ఱాతిలోని యుప్పు పొరలుపొరలుగా గోడలను జెఱచుచున్నది. కర్ణక్, లక్సరు ఆలయములచుట్టు నీటిని దింపుటకై యీ శతాబ్దము మొదటి దశాబ్దమునఁ గాలువలు త్రవ్వింపఁబడినవి.

7. నేఁటి యాత్రాక్రమము

నేఁటి యోడలు పెక్కు లక్సరునకును ఆస్వానునకును నడుమనే, ఇంచుమించు రెండువందల కిలోమీటర్ల దూరము, మూఁడు నాలుగు రాత్రులలోఁ దిరుగును. ఎస్నాయొద్ద ఆనకట్టలాకు దాఁటవలెను. గోదావరికాలువల లాకులను జూచినవారి కది క్రొత్త గాదు. మహానకట్టను దాఁటుట కోడకు సాధ్యము గాదు. దానికి దక్షిణముననున్న నాసరుజలాశయమున వేఱు యోడ నెక్కవలెను. యంత్రముతో నడచునవి గావున వీనికి గాలితోఁ బని లేదు. యాత్రికుఁడు ఎగువకైనను, దిగువకైనను దన యిచ్చవచ్చినట్లు క్రమము నేర్పఱచుకొనవచ్చును. పూర్వులకు గాలి యీయని స్వేచ్ఛ నేఁటివారికిఁ గలదు. దాని నుపయోగించుకొనువారు కొలఁదిమంది.

చరిత్రదృష్టి గలవాఁ డీ క్రమము నవలంబింపఁదగును. ఎండ తీవ్రముగాని నవంబరు మొదలు ఫిబ్రవరివఱకుఁ గల కాలము నెన్నుకొనవలెను. ముందుగాఁ గైరోయొద్ద నాఁగి సక్కారా, గీజా చూడవలెను; లేకున్న నతఁడు గ్రంథమును నడుమనుండి విప్పినవాఁ డగును. పిదప లక్సరు చేరి, ఓడ నెక్కుటకు ముందే యొక దినము దిగువనున్న అబిదోసు, దెందెరాలకు మెట్టత్రోవను బోయిరావలెను. పెక్కు యోడలు వాని జోలికిఁ బోవు. తరువాతఁ గర్ణక్‌ను బడమటి రేవునుండియే ప్రవేశింపవలెను. పిమ్మట లక్సరున నోడ నెక్కి యెగువకే పోవలెను. ఎస్నా స్తంభమంటపము నేఁటి వీథికిఁ దొమ్మిది మీటర్ల లోతున నున్నది. 2018 మొదలు జరిగిన శుద్ధిచే దాని రంగులు మసివిడి ప్రకాశించుచున్నవి. ఎద్‌ఫూయందు హథోరు యాత్రాశాసనములు గల గోడలను జూడక వెడలరాదు. సిల్‌సిలా గనులయొద్దఁ బెద్దయోడ లాఁగవు. చిన్నవైన దహబియా లాఁగును. ఆ గనులను జూచినఁగాని గుడిఱాయి పుట్టినచో టెఱుఁగము. కోమ్ ఒంబో, ఫీలేల తరువాత అబూ సింబెల్‌ను జివరఁ జూడవలెను. అది కాలక్రమమునకు విరుద్ధమైనను, నది గుడులను బుట్టించుటయు, ముంచుటయు, మనుష్యులు వానిని మఱల లేపుటయు నను మూఁడు ఘట్టములును అచ్చట నొక్కచోటఁ జేరును.

గాలికిఁ జాప నెత్తి యెగువకుఁ బోయిన మెరెర్ కాలమునుండి లాకులు దాఁటు యంత్రనౌకల కాలమువఱకు నీ మార్గ మొక్కటియే. దానిపై దేవతలు పోయిరి, ఱాళ్లు వచ్చినవి, చక్రవర్తులు వేడుకపడిరి, పండితులు లిపిని జదివిరి. గుడిని జూచుట యనఁగా గోడను జూచుట మాత్రమే కాదు; ఆ గుడికిఁ జేరిన త్రోవనుగూడఁ దెలిసికొనుట. నైలుదేవాలయముల విషయమున నా త్రోవ నీటిమీఁదిది. దాని దిక్కు నెఱిఁగి పడవ నెక్కినవానికే యా గోడలు తమ చరిత్రను మొదటినుండి తుదివఱకు వరుస తప్పక చెప్పును.